కరెంట్ అఫైర్స్ గుర్తుండాలంటే: తుంగభద్ర పంతొమ్మిదో గేటుతో మొదలుపెడదాం

చెల్లెమ్మా, కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చి అనంతపురంలో రూమ్ తీసుకొని సివిల్స్‌కీ గ్రూప్-1కీ కలిపి చదువుతున్నానని రాశావు. రోజూ నాలుగు గంటలు కరెంట్ అఫైర్స్‌కే పోతున్నాయని, రెండు పేపర్లు, యూట్యూబ్ క్లాసులు, టెలిగ్రామ్ పీడీఎఫ్‌లు అన్నీ చూసినా నెల తిరిగేసరికి ఏదీ గుర్తుండడం లేదని, మొన్నటి మాక్ టెస్టులో ముప్పైకి పదకొండే వచ్చాయని చెప్పావు. "నాలోనే ఏదో లోపం ఉందేమో అన్నా" అని చివర్లో రాసిన మాట నన్ను బాధపెట్టింది. నీలో ఏ లోపమూ లేదు. చదివే వరుస తప్పింది, అది సరిచేసుకోవచ్చు.

నేను సివిల్స్ నాలుగుసార్లు రాశాను. మొదటి రెండుసార్లు ప్రిలిమ్స్‌లోనే ఆగిపోయాను. తర్వాత రెండుసార్లు మెయిన్స్ రాశాను, అందులో ఒకసారి ఇంటర్వ్యూ దాకా వెళ్ళాను. ఉద్యోగం గ్రూప్-2లో వచ్చింది. అప్పటి నుంచి ఆదివారాలు ఇక్కడ చదువుకునే పిల్లలతో కూర్చుంటున్నాను. నువ్వు చెప్పిన బాధే దాదాపు అందరి దగ్గరా విన్నాను. మొదటి రెండేళ్ళు నేనూ అదే తప్పు చేశాను: కరెంట్ అఫైర్స్‌ను పాలిటీ, జాగ్రఫీ, ఎకానమీలాగా వేరే సబ్జెక్ట్ అనుకొని, దానికి వేరే నోట్‌బుక్ పెట్టి, తేదీల వారీగా రాసుకుంటూ పోయాను. ఆరు నెలలకు మూడు లాంగ్ నోట్‌బుక్‌లు నిండాయి. పరీక్షకు ముందు తెరిస్తే ఏ వార్త దేనికి సంబంధించిందో నాకే అర్థం కాలేదు.

ముందు ఏ పరీక్షలో ఎంత బరువుందో చూడు. ఏపీపీఎస్సీ గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండు పేపర్లు, ఒక్కోటి 120 మార్కులు. రెండో పేపర్లో వర్తమాన అంశాలకు 30 మార్కులున్నాయి, పక్కనే సైన్స్ అండ్ టెక్నాలజీకి ఇంకో 30. గ్రూప్-2 స్క్రీనింగ్‌లో 150 మార్కులకు 30 దీనివే. యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లో మొదటి పేపర్ వంద ప్రశ్నలు, 200 మార్కులు. దాని సిలబస్‌లో మొదటి లైనే జాతీయ, అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న వర్తమాన సంఘటనలు. కానీ దానికి ఇన్ని మార్కులని అక్కడ విడిగా రాసి ఉండదు. ఎందుకంటే అక్కడ వార్తను వార్తగా అడగడం తక్కువ. వార్తలో వచ్చిన నది గురించి, చట్టం గురించి, సంస్థ గురించి నాలుగు వాక్యాలిచ్చి ఏవి సరైనవో చెప్పమంటారు. ఏపీపీఎస్సీలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనే సూటి బిట్లు కొంచెం ఎక్కువ. రెండింటికీ చదవాల్సింది ఒకటే, చివరి రెండు నెలల రివిజన్ మాత్రమే వేరు.

ఇప్పుడు అసలు సంగతి. పద్ధతి మాటల్లో చెబితే తలకెక్కదు, ఒక వార్త తీసుకుందాం. మన ఊళ్ళో అందరికీ గుర్తున్నదే తీసుకుందాం.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ పంతొమ్మిదో గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. అప్పటికి డ్యామ్ దాదాపు నిండి ఉంది. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లన్నీ ఎత్తి నీళ్ళు వదలాల్సి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో వారం రోజుల్లో స్టాప్‌లాగ్, అంటే గేటు స్థానంలో దించే తాత్కాలిక ఉక్కు పలకలు, దించి నీటిని ఆపారు. పత్రికలో వచ్చింది ఇది. మామూలుగా నీ నోట్‌బుక్‌లో ఏం రాస్తావు? "తుంగభద్ర, 19వ గేటు, ఆగస్టు 10" అని ఒక లైను. నెల తర్వాత అది పోతుంది. పోవాల్సిందే, దాన్ని పట్టి ఉంచేది ఏదీ నీ బుర్రలో లేదు కదా.

అదే వార్తను పట్టుకొని మ్యాప్ తీయి. డ్యామ్ ఎక్కడుంది? కర్ణాటకలో, హొసపేట దగ్గర. తుంగ, భద్ర కలిస్తే తుంగభద్ర, అది కర్నూలు మీదుగా పోయి సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాబట్టి ఇది కృష్ణా బేసిన్. డ్యామ్ నుంచి వచ్చే ఎగువ కాలువ, అంటే మనం హెచ్చెల్సీ అనేది, బళ్ళారి దాటి అనంతపురం, కడప వైపు వస్తుంది. దిగువ కాలువ కర్నూలు వైపు పోతుంది. హెచ్చెల్సీలో మన వాటా 32.5 టీఎంసీలు. అనంతపురంలో సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు, దేశంలోనే బాగా తక్కువ పడే జిల్లాల్లో ఇదొకటి. గేటు పోయిందని వినగానే మన రైతుల గుండె ఎందుకు ఆగినంత పనైందో ఈ రెండు అంకెలు చెప్తాయి. ఇక్కడికి నీ జాగ్రఫీ అయింది.

తర్వాత పాలిటీ. డ్యామ్ కర్ణాటకలో ఉంటే మన వాటా ఎవరు చూస్తారు? తుంగభద్ర బోర్డు. అది 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం కింద ఏర్పడింది. మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయి కర్నూలు రాజధాని అయిన సంవత్సరం అదే, అక్టోబర్ 1. ఇక్కడ నీ హిస్టరీ కూడా తగిలింది. కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందంలో రాయలసీమకు కృష్ణా, తుంగభద్ర నీళ్ళ గురించి ఎందుకు పట్టుబట్టారో ఇప్పుడు చదివితే అది బిట్టులాగా కనబడదు, మన తాతల బతుకులాగా కనబడుతుంది. రాష్ట్రాల మధ్య నీటి తగాదాలకు రాజ్యాంగంలో 262వ అధికరణం, దాని కింద 1956 అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం. రాష్ట్ర జాబితాలో నీళ్ళు 17వ అంశం, కేంద్ర జాబితాలో అంతర్రాష్ట్ర నదులు 56వ అంశం. మొదటి కృష్ణా ట్రిబ్యునల్ బచావత్‌ది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు ఇచ్చింది. రెండోది బ్రిజేష్ కుమార్‌ది. రెండు తెలుగు రాష్ట్రాల పంపకం మీద 2023 అక్టోబర్‌లో కేంద్ర కేబినెట్ దానికే కొత్త విచారణాంశాలు అప్పగించింది. 2023-24 కేంద్ర బడ్జెట్లో తుంగభద్రకు ఎగువన కర్ణాటక కడుతున్న అప్పర్ భద్ర ప్రాజెక్టుకు 5,300 కోట్లు ప్రకటించినప్పుడు సీమలో ఎందుకు గొడవైందో కూడా ఇప్పుడు నీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకొక అడుగు. గేటు ఎందుకు పోయింది అంటే డ్యామ్ భద్రత. 2021 నవంబర్ 19న కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. ఎన్ని ఇళ్ళలో దీపం ఆరిందో మన జిల్లాల వాళ్ళకు తెలుసు. సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే డ్యామ్ సేఫ్టీ బిల్లు రాజ్యసభలో ఆమోదం పొంది చట్టమైంది. జాతీయ స్థాయిలో ఒక కమిటీ, ఒక అథారిటీ, రాష్ట్ర స్థాయిలో ఒక కమిటీ, ఒక సంస్థ ఏర్పాటు చేసింది ఆ చట్టం. 15 మీటర్లకు మించి ఎత్తున్న డ్యాములన్నీ దాని కిందికి వస్తాయి, 10 నుంచి 15 మీటర్ల వాటికి కొన్ని షరతులున్నాయి. ఒక రాష్ట్రానికి చెందిన డ్యామ్ ఇంకో రాష్ట్రంలో ఉంటే జాతీయ అథారిటీయే చూస్తుంది. కేరళలో ఉన్న తమిళనాడు డ్యామ్ ముళ్లపెరియార్ అందుకే చర్చలోకొస్తుంది. ఇక పూడిక సంగతి: కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టిన తుంగభద్ర ఇప్పుడు 105 దగ్గరే ఆగిపోతోంది. ఆ పోయిన నీళ్ళ కోసమే కర్ణాటక నవలి దగ్గర ఇంకో రిజర్వాయర్ అంటోంది. మెయిన్స్‌లో విపత్తు నిర్వహణ మీద, జల వనరుల మీద, సమాఖ్య వ్యవస్థ మీద ఏ ప్రశ్న వచ్చినా ఈ ఒక్క వార్తలోంచి రెండు పేరాలు రాయగలవు.

ఇదంతా చేయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది, మూడు గంటలకు పైనే. రోజుకు ఇలా ఒక్కటి చేయలేం, వారానికి రెండు చేస్తే చాలు. ఏడాదికి వంద వార్తలు. చాలా మంది ఇక్కడే భయపడతారు, వంద ఎక్కడ సరిపోతాయి అని. నా అనుభవంలో సరిపోయాయి. ఆ వందకు వేళ్ళు ఉంటాయి కాబట్టి, మిగతా చిన్న వార్తలు వాటికి అతుక్కుంటాయి.

ఇంకో ఉదాహరణ క్లుప్తంగా చెప్తాను, ఇది మన రాష్ట్రంలో మొదలై సుప్రీంకోర్టు దాకా పోయి మళ్ళీ మన దగ్గరికే వచ్చింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జిల ధర్మాసనం 6:1 తేడాతో ఎస్సీ వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది, దవీందర్ సింగ్ కేసు. అది పంజాబ్ కేసు. కానీ ఆ తీర్పు కొట్టేసింది వర్గీకరణ చెల్లదన్న 2004 నాటి ఈ.వి. చిన్నయ్య కేసు తీర్పును, అది మన ఆంధ్రప్రదేశ్ 2000 సంవత్సరపు చట్టం మీద వచ్చింది. దాని వెనక రామచంద్రరాజు కమిషన్ ఉంది. తీర్పు తర్వాత ఇక్కడ రాజీవ్ రంజన్ మిశ్రా ఏకసభ్య కమిషన్, 2025 ఏప్రిల్‌లో ఆర్డినెన్స్, మూడు గ్రూపులకు 1, 6.5, 7.5 శాతాలు. అధికరణాలు 14, 16(4), 341 ఈ కథలోనే చదువు. వట్టి అధికరణాల పట్టిక చదివితే 341 (ఎస్సీల జాబితా), 342 (ఎస్టీల జాబితా) తారుమారవుతాయి, కథలో చదివితే కావు.

ఇక రోజూ ఏం చదవాలి అంటే, ఒక ఇంగ్లీష్ పేపరు, ఒక తెలుగు పేపరు చాలు. తెలుగు పేపర్లో జిల్లా ఎడిషన్ వదలొద్దు, ప్రాజెక్టులు, పంటలు, పరిశ్రమల సంగతులు అక్కడే దొరుకుతాయి. నాయకుల తిట్లు, నేర వార్తలు, సినిమా పేజీ దాటేయి. రెండూ కలిపి గంటంబావుకి మించకూడదు. ప్రభుత్వ పథకం ఏదైనా వస్తే ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ప్రకటన చూడు, బిల్లు వస్తే చట్టసభల పనిని విశ్లేషించే పీఆర్ఎస్ సంస్థ సైట్లో సారాంశం చూడు. కేంద్ర ప్రభుత్వ మాసపత్రిక యోజన తెలుగులోనూ వస్తుంది, మెయిన్స్‌లో తెలుగు మాటలు సర్దుకోవడానికి బాగా పనికొస్తుంది. నెలకు ఒకే ఒక్క నెలవారీ మ్యాగజైన్, ఏది మొదలుపెట్టావో అదే చివరిదాకా. టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి బయటికి రా. ఆ మాట కొంచెం గట్టిగానే చెప్తున్నాను, ఎందుకంటే డౌన్‌లోడ్ చేసినప్పుడల్లా చదివేసినట్టు ఒక తృప్తి కలుగుతుంది, అది ప్రమాదం. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఫోన్‌లో ఎనిమిది వందల పీడీఎఫ్‌లున్నాయి, పట్టుమని పది తెరవలేదు. చాలా తెలివైనవాడు. ఆ ఏడాది పోయింది.

మెటీరియల్‌ను గుడ్డిగా నమ్మొద్దు. నేను చేరిన ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళ పుస్తకంలో డ్యామ్ సేఫ్టీ చట్టం 2019 అని అచ్చయింది. 2019 ఆగస్టులో లోక్‌సభలో బిల్లు పాసైన సంగతి నిజమే, చట్టమైంది మాత్రం 2021 డిసెంబర్‌లో. అది నమ్మి రాసిన ఒక టెస్టులో నాకు మార్కు పోయి, నెగటివ్ కూడా పడింది. బిల్లు, చట్టం, ఆర్డినెన్స్, అమల్లోకి వచ్చిన తేదీ, ఈ నాలుగూ వేర్వేరు. ఎప్పుడూ అసలు ప్రకటనతో సరిచూసుకో.

నీ జిల్లా విషయంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. లేపాక్షి, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ, మీ కదిరి పక్క ఎన్పీ కుంట సోలార్ పార్క్, ఇవన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. పాత పుస్తకాల్లో ఇంకా అనంతపురం అనే ఉంటుంది. లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. తాత్కాలిక జాబితా అంటే వారసత్వ హోదా వచ్చినట్టు కాదు. ఇది ప్రశ్నలో మెలిక పెట్టడానికి అనువైన చోటు. సోలార్ పార్కు నీ ఇంటి దగ్గర ఉంది కదా, ఒకసారి చూసిరా. కర్నూలు దగ్గర ఓర్వకల్లు వైపు ఇంకోటి వెయ్యి మెగావాట్లది ఉంది. వాటి నుంచి 2021 గ్లాస్గో వాతావరణ సదస్సులో మన దేశం చెప్పిన 2030కి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్ సామర్థ్యం, 2070కి నెట్ జీరో (నికర కర్బన ఉద్గారాలు సున్నా) దాకా ఒకే తీగ లాగొచ్చు.

నోట్స్ ఎలా అంటే, తేదీల నోట్‌బుక్ ఆపెయ్. లూజ్ షీట్లు కొను, ఫైలులో పెట్టు. సిలబస్‌లో ఉన్న ఒక్కో అంశానికి ఒక్కో షీటు. పైన అంశం పేరు, ఎడమవైపు సన్నగా గీత గీసి పుస్తకంలో ఉండే స్థిరమైన విషయం, కుడివైపు ఖాళీగా ఉంచి వార్తలు వచ్చినప్పుడు చేర్చు. తుంగభద్ర వార్త "అంతర్రాష్ట్ర జలాలు" షీటులోకి, డ్యామ్ సేఫ్టీ చట్టం "విపత్తు నిర్వహణ" షీటులోకి పోతాయి. ఒక అంశానికి ఒక షీటు, రెండు వైపులా, అంతకన్నా పెరగనివ్వకు. చోటు చాలకపోతే పాత సంగతి కొట్టేసి కొత్తది రాయి. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని ఆలోచించే ఆ రెండు నిమిషాల్లోనే అసలు చదువు జరుగుతుంది.

తెలుగు మీడియం వాళ్ళకు ఒక మాట, నువ్వు కూడా అందులోనే ఉన్నావనుకుంటున్నాను. యూపీఎస్సీ మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, కానీ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లీష్, హిందీల్లోనే ఉంటుంది. అందుకే షీటు మీద ముఖ్యమైన ప్రతి మాటా రెండు రకాలుగా రాసుకో. పూడిక, సిల్టేషన్. ద్రవ్యలోటు, ఫిస్కల్ డెఫిసిట్. నాకు మొదటి ప్రిలిమ్స్‌లో విషయం తెలిసి కూడా ఇంగ్లీష్ మాట అర్థం కాక రెండు మూడు ప్రశ్నలు వదిలేయాల్సి వచ్చింది. అది చాలా నొప్పి, ఆ నొప్పి నీకొద్దు.

బడ్జెట్ నెలల్లో మామూలు టైమ్‌టేబుల్ పక్కన పెట్టు. ఆర్థిక సర్వే, ఫిబ్రవరి 1 కేంద్ర బడ్జెట్, తర్వాత రాష్ట్ర బడ్జెట్, రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే. ఈ నాలుగింటి మీద ఒక పది రోజులు పూర్తిగా పెట్టినా తప్పులేదు, గ్రూప్-1 ఎకానమీ భాగానికి ఇదే బలం. అవార్డులు, క్రీడలు, నియామకాలకు ఇప్పుడు టైమ్ పెట్టొద్దు. అవి గ్రూప్-1కి ముందు నలభై రోజుల్లో నెలవారీ మ్యాగజైన్ల వెనక పేజీల్లోంచి లాగేయొచ్చు.

రివిజన్ లేకపోతే పైన చెప్పినదంతా దండగే. ఆదివారం పొద్దున రెండు గంటలు ఆ వారం చేర్చిన షీట్లు చూడు. నెల చివరి ఆదివారం, పుస్తకం మూసి, ఒక తెల్ల కాగితం మీద ఆ నెల ఎనిమిది వార్తల వెనక ఉన్న గొలుసు గుర్తున్నంత రాయి. ఎక్కడ ఆగిపోయావో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టు. మొదటి నెల చాలా చోట్ల ఆగిపోతావు, టెన్షన్ పడకు. మూడో నెలకు పెన్ను దానంతటదే కదులుతుంది. నాకు అలాగే జరిగింది, నా దగ్గర కూర్చున్న చాలా మందికి అలాగే జరిగింది.

ముప్పైకి పదకొండు వచ్చిన ఆ మాక్ టెస్టు పేపరు పారేయలేదు కదా? తప్పయిన పంతొమ్మిదీ ముందు పెట్టుకో. ఒక్కోదాని పక్కన రాయి: వార్తే తెలియదా, వార్త తెలిసి వెనక విషయం తెలియదా, తెలిసి కూడా ప్రశ్న సరిగ్గా చదవలేదా. రెండో రకమే ఎక్కువ ఉంటాయని నా అంచనా. ఆ లెక్కా, తుంగభద్ర కాకుండా నువ్వు సొంతంగా ఎంచుకున్న ఒక వార్త మీద మొదటి షీటూ రాసి ఫొటో తీసి ఇక్కడ పెట్టు. ఆదివారం సాయంత్రం కూర్చొని లైను లైనూ చూసి చెప్తాను.